గ్రౌండుకి వీపు పెట్టిన బ్యాండు

తమ్ముడు పోయిన రోజున నేను బాపట్లలో ఎనిమిదో తరగతికి పద్యం చెబుతున్నాను. హెడ్మాస్టరు గారు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా నిలబడ్డారు. ఆయన ఎప్పుడూ అలా నిలబడరు. పద్యంలో చివరి పాదం మిగిలి ఉంది. అది చెప్పి, పిల్లల్ని కూర్చోమని, బయటికి వెళ్ళాను. గుంటూరు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చిందన్నారు. మెదడువాపు జ్వరం. ఆ వారం మొదట్లో తలనొప్పిగా ఉందన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

పేరు సీమోను. వయసు ఇరవై ఆరు. అది 1991 ఆగస్టు.

రేపల్లెలో మా అమ్మానాన్నల పక్కనే పెట్టాం. చర్చి నుంచి సమాధుల తోట దాకా తెనాలి రహమతుల్లా గారి పెళ్ళి బ్యాండు ముందు నడిచింది. వాళ్ళని ఎవరూ పిలవలేదు. ఎర్ర కోట్లు లేకుండా, మామూలు చొక్కాలతో పొద్దున బండి దిగారు. రహమతుల్లా గారు క్లారినెట్ మీద మా కీర్తన ఒకటి వాయించారు. ఎన్నో ఏళ్ళుగా పెళ్ళి ఊరేగింపుల ముందు వాయించిన మనిషి, ఆ రోజు ఒక్క మెలిక కూడా ఎక్కువ వెయ్యలేదు.

సీమోను బ్యాండు పేరు రేపల్లె ప్యాసింజర్. తెనాలికీ రేపల్లెకీ మధ్య తిరిగే బండి పేరే పెట్టుకున్నారు. నలుగురికీ స్నేహం కుదిరింది ఆ బండిలోనే. సీమోను గిటారు వాయిస్తూ పాడేవాడు. రహమతుల్లా గారి కొడుకు మహబూబ్ సుభానివి డ్రమ్ములు. రేపల్లెలో కరెంటు లైన్‌మన్‌గా చేసే ఇస్సాకుది బేస్ గిటారు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పే కుమారిది కీబోర్డు, రెండో గొంతు. మా వైపు ఆర్కెస్ట్రాలకి కొదవ లేదు. అవన్నీ సినిమా పాటలు వాయించేవి. వీళ్ళు సొంత పాటలు కట్టుకుని, కిటికీలు అదిరేలా వాయించేవారు. మొదటి ఏడు కర్లపాలెంలో "సినిమా పాట వెయ్యండిరా" అని అరిచి దించేశారు. మరుసటి ఏడు అదే కర్లపాలెం వాళ్ళు సినిమా పాటల ఆర్కెస్ట్రాని దించి వీళ్ళని ఎక్కించారు. ఆ తర్వాత కాలేజీ వార్షికోత్సవాలకి పిలుపులు వచ్చాయి. రైల్లో కుర్రాళ్ళు సీమోనుకి కిటికీ పక్క సీటు ఇచ్చేవాళ్ళు.

ఒక రోజు పాస్టరు గారింట్లో టీవీలో ఏదో విదేశీ రాక్ బ్యాండు స్టేడియంలో వాయిస్తుంటే చూశాం. కెమెరా పైకి పోయేసరికి జనం వరిచేనులా కనిపించారు. గాలికి చేను ఊగినట్టు అందరి చేతులూ ఒక్కసారే ఊగాయి.

"అక్కా, మనకి తెనాలి గ్రౌండు చాలు," అన్నాడు సీమోను. "దానిక్కూడా గ్యాలరీ కట్టారుగా."

"ఒక పక్కే కట్టారు."

"ఆ పక్కే ఊగనియ్యి."

వాడు నవ్వుతూ అన్నా, అది నవ్వులాటకి అన్న మాట కాదు. మా వైపు ఎవరైనా ఆర్కెస్ట్రాని మాట్లాడుకోవడానికి వెళితే ముందు అడిగే మాట ఒకటుంది: "గ్రౌండులో వాయించారా?" వాయించిన వాళ్ళు ఆ సంగతి వ్యాను మీద పెద్దక్షరాలతో రాయించుకుంటారు. వాయించని వాళ్ళు ఏం వాయించారో చెప్పబోతే పెద్దమనుషులు సగం విని లేస్తారు. డిసెంబరులో యువజనోత్సవం నాడు ఆ గ్రౌండు నిండిపోతుంది. అటు చీరాల, ఈపురుపాలెం నుంచి కూడా జనం వస్తారు. ఆ ఏడు ఉత్సవంలో ఆఖరి బ్యాండుగా, అంటే అందరికంటే గౌరవమైన చోట, రేపల్లె ప్యాసింజర్‌ని వెయ్యడానికి కమిటీ ఒప్పుకుంది. జూలైలో ఆ కబురు చెప్పడానికి సీమోను బాపట్ల వచ్చాడు. అన్నం కూడా సరిగా తినలేదు.

ఆ బ్యాండులో ఒక వింత ఉండేది. సీమోను జనానికి వీపు పెట్టి వాయించేవాడు.

అది మా ఇంట్లోంచి వచ్చిన అలవాటు. మా నాన్న సంజీవరావు గారు రేపల్లె చర్చిలో క్వయర్‌కి, అంటే కీర్తనలు పాడే బృందానికి, మాస్టరు. క్వయర్‌కి ఎదురుగా, సంఘానికి వీపు పెట్టి నిలబడి, కుడి మడమతో నేల మీద తాళం వేసేవారు. ఎక్కడ ఎత్తుకోవాలో, ఎక్కడ తగ్గాలో కనుబొమలతో చెప్పేవారు. నేనూ సీమోనూ ఆ మడమను చూసే పాట నేర్చుకున్నాం. వాడు బ్యాండు పెట్టినప్పుడు తెలియకుండానే నాన్నలా నిలబడ్డాడు. మిగతా ముగ్గురూ వాడి మడమ చూసి వాయించడం అలవాటు చేసుకున్నారు. పాట ఎక్కడ మలుపు తిరుగుతుందో వాళ్ళెవరూ గుర్తు పెట్టుకోలేదు. ఆ అవసరం రాలేదు. చూపించేవాడు ఎదురుగా ఉన్నాడు.

జనం ఊరుకుంటారా? పిట్టలవానిపాలెంలో ఒకడు, "ఏంటి బావా, మొహం ఇంటికాడ మర్చిపోయి వచ్చావా?" అని అరిచాడు. సీమోను తిరక్కుండానే మైకులో, "మీ ఊరోళ్ళ దిష్టి తగుల్తదని దాచా బావా," అన్నాడు. ఆ రోజు చప్పట్లు పాటకంటే ఆ మాటకే ఎక్కువ వచ్చాయట.

అక్టోబరులో ముగ్గురూ బాపట్లలో మా ఇంటికి వచ్చారు. కుర్చీల్లో కూర్చోమన్నా చాప మీదే కూర్చున్నారు.

"టీచరక్కా, తెనాలి ఆర్కెస్ట్రా నుంచి ఒక గిటారాయన్ని తెచ్చామండి," అన్నాడు సుభాని. "బాగా వాయిస్తాడు. కాకపోతే జనం వైపు తిరిగి వాయిస్తాడు."

"అందరూ అలాగే కదా వాయిస్తారు."

"మాకు వీపు కనపడతందక్కా," అన్నాడు ఇస్సాకు. "వీపుని చూసి ఏం వాయిస్తాం?"

"ఈయన చరణం మధ్యలో ఆగిపోయాడు," అంది కుమారి ఇస్సాకుని చూపించి.

"నువ్వు మాత్రం? పల్లవి అయిపోయాక మళ్ళీ పల్లవే ఎత్తుకున్నావు."

"ఎవరూ ఆపలేదుగా మరి!"

"ఆపడానికి అదేమన్నా ఆటోనా?"

వాళ్ళు అలా పోట్లాడుకుంటుంటే ఇంట్లో కాసేపు చప్పుడు ఉంది. ఆ చప్పుడు నాకు నచ్చింది. తర్వాత సుభాని గొంతు తగ్గించాడు.

"గ్రౌండు మా వల్ల కాదని కమిటీకి చెప్పేస్తామండి. మీకు చెప్పకుండా చెప్పకూడదని వచ్చాం."

ఒకసారి వద్దన్న వాళ్ళని ఆ కమిటీ మళ్ళీ పిలవదు. గ్రౌండు ఇచ్చినా వద్దనుకున్న బ్యాండుని ఊళ్ళూ పిలవవు. సీమోనుతో పాటు రేపల్లె ప్యాసింజర్ కూడా ఆ ఆగస్టులోనే పోయినట్టు అవుతుంది.

లేస్తూ కుమారి అడిగింది: "గేటు పాట రెండో చరణం రాశారా అక్కా?"

"లేదమ్మా."

సీమోను వరసలు కట్టేవాడు. మాటలు నావి. ఆఖరిగా వాడు తెచ్చింది ఒక రైల్వే గేటు పాట. వేమూరు దగ్గర గేటు పడితే అటూ ఇటూ ఆగిపోయే జనం మీద.

గేటు తియ్యన్నా, గేటు తియ్యన్నా,
బండి ఎల్లిపోయింది గదా, గేటు తియ్యన్నా!

నేను "వెళ్ళిపోయింది" అని రాశాను. వాడు "ఎల్లిపోయింది" అనే పాడతానన్నాడు. తెలుగు టీచర్ని కాబట్టి కొంత వాదించాను. వాడే గెలిచాడు. మొదటి చరణం గేటు దగ్గర ఆగిన వాళ్ళది: జామకాయల బుట్ట దించుకున్న ముసలమ్మ, కారులో చెమటలు కక్కుతున్న పెళ్ళికొడుకు, బడికి ఆలస్యమైన టీచరమ్మ. రెండో చరణం బండిలో ఉన్నవాడిది. కిటికీలోంచి అతనికి వీళ్ళందరూ ఎలా కనిపిస్తారో రాయమన్నాడు. వరస వాయించి వినిపించాడు. సెలవుల్లో రాస్తానన్నాను.

"ఆదివారం నేను తెనాలి వస్తాను," అన్నాను వాళ్ళతో. "ఒక్కసారి వినిపించండి. కమిటీకి తర్వాత చెబుదురుగాని."

వాళ్ళు సాధన చేసేది తెనాలిలో రహమతుల్లా గారి బ్యాండు షెడ్డులో. గోడ నిండా బాకాలు, పెద్ద డోళ్ళు, మేకులకి వేలాడే ఎర్ర కోట్లు. నేను వెళ్ళేసరికి గిటారాయన రాలేదు. వేరే ఊళ్ళో కార్యక్రమం ఒప్పుకున్నాడట. రహమతుల్లా గారు నాకు స్టూలు వేసి, తను గోడవారగా కూర్చున్నారు. ఆయనకి గిటారంటే మొదటినుంచీ చిన్నచూపు. "గాలి ఊదకుండా పాట ఎట్టా వస్తదమ్మా?" అని సీమోను మొహం మీదే అనేవారు. "కరెంటు పోతే నీ వాయిద్యం బల్లచెక్క అవుతదిరా," అని కూడా.

ముగ్గురూ గేటు పాట మొదలుపెట్టారు. పల్లవి దాటేసరికి తాళంలో ఇస్సాకు ముందుకి, కుమారి వెనక్కి పోయారు. సుభాని ఎవరి వెంట వెళ్ళాలో తెలియక రెండు కర్రలూ పైకెత్తి ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి మలుపు దగ్గరికి వస్తుంటే నేను స్టూలు మీద నుంచి లేచి ఉన్నాను. ఎప్పుడు లేచానో నాకు తెలియదు. నా కుడి మడమ సిమెంటు నేల మీద పడుతోంది. ముగ్గురి చూపూ దాని మీదికి వచ్చింది. కనుబొమలు ఎత్తాను. ముగ్గురూ కలిసి మలుపు తిరిగారు.

ఎవరూ ఆపలేదు. గిటారు ఉండాల్సిన చోట ఖాళీ వచ్చింది. అప్పుడు గోడవార నుంచి క్లారినెట్ లేచింది. సీమోను వాయించే వరస అచ్చంగా అదే. ఏళ్ళ తరబడి ఆ షెడ్డులో కూర్చుని తిడుతూ తిడుతూ ఆయన ప్రతి పాటా నేర్చేసుకున్నారు.

పాట అయ్యాక సుభాని వాళ్ళ నాన్న వైపు తిరిగాడు. "ఏంటి అబ్బా, గిటారు పాట ఊదావేంటి?"

"తీగలోడు రాలేదుగా," అన్నారాయన క్లారినెట్ మూతి తుడుచుకుంటూ. తర్వాత నాతో, "అమ్మా, మీరు అక్కణ్ణుంచి కదలమాకండి," అన్నారు.

"నేను స్టేజీ ఎక్కను బాబాయ్ గారూ," అన్నాను. "కింద నిలబడతాను. స్టేజీకీ ముందు వరసకీ మధ్య చోటు ఉంటుంది కదా. అక్కడ నుంచి చూపిస్తాను."

అలాగే అనుకున్నాం. డిసెంబరు దాకా ప్రతి ఆదివారం బాపట్లలో రైలెక్కి తెనాలి వెళ్ళాను. రెండో చరణం గురించి కుమారి ఇంకోసారి అడిగింది, తర్వాత అడగడం మానేసింది. మాటల్లేకుండానే ఆ వరసని రహమతుల్లా గారు ఊదాలని అనుకున్నాం.

ఉత్సవం నాడు మధ్యాహ్నానికే గ్రౌండు సగం నిండింది. సాయంత్రానికి గోడల మీద కూడా జనమే. స్టేజీ వ్యవహారాలు చూసేది జ్ఞానానందం మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు, మెడలో ఇంకా ఈల ఉంటుంది. చిన్నప్పుడు మా నాన్న క్వయర్‌లో పాడిన మనిషి. ఒక ఆర్కెస్ట్రా తర్వాత ఒక ఆర్కెస్ట్రాని ఈల ఊది ఎక్కించి, ఈల ఊది దించుతున్నారు. ముందు వరసలో కలెక్టరు గారు కూర్చున్నారు.

మా వంతుకి ముందు మైకులు సరిచూసుకోవడానికి ముగ్గురూ పైకెక్కారు. నేను కింద నా చోట నిలబడి మడమ వేశాను. సుభాని అటూ ఇటూ వెతుకుతున్నాడు. వాళ్ళ కళ్ళల్లోకి పెద్ద పెద్ద లైట్లు కొడుతున్నాయి. స్టేజీ మనిషెత్తు ఉంది. కింద ఉన్నది వాళ్ళకి ఒట్టి చీకటి.

"అక్కా, ఉన్నారా?" అన్నాడు ఇస్సాకు, మైకు ముందు ఉన్నానని మర్చిపోయి. గ్రౌండంతా విన్నది. గ్యాలరీలో ఎవడో సన్నగొంతుతో, "ఉన్నా తమ్ముడూ!" అన్నాడు. జనం పడీపడీ నవ్వారు.

నేను మెట్ల దగ్గరికి నడిచాను. జ్ఞానానందం మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎక్కడికమ్మా రూతూ?"

"పైకండి. వాళ్ళకి ఎదురుగా నిలబడాలి."

"అంటే గ్రౌండుకి వీపు పెట్టా? సీమోనంటే కుర్రాడు, ఏదో స్టయిలు అనుకున్నారు. నువ్వు టీచరువి. ముందు కలెక్టరు గారున్నారు. ఆయనకి వీపు పెడితే నా పరువేం కాను?"

"ఆగస్టు పదిహేనున పిల్లల చేత డ్రిల్లు చేయించేటప్పుడు మీరు ఎటు తిరిగి నిలబడేవారండి మాస్టారూ?"

ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "పిల్లల వైపు."

"వెనకాల కుర్చీల్లో ఎవరుండేవారండి?"

"అది డ్రిల్లమ్మా!"

"ఇదీ అంతేనండి."

ఆయన నన్ను చూశారు. తర్వాత నా కాళ్ళ వైపు చూశారు. "చెప్పులు విప్పి ఎక్కు," అన్నారు. "మీ నాన్నగారు చెప్పులతో ఎప్పుడూ తాళం వెయ్యలేదు." చెయ్యి తీసేసి ఈల ఊదారు.

నేను మెట్లెక్కి, జనం వైపు చూడకుండా వెళ్ళి, ముగ్గురికీ ఎదురుగా నిలబడ్డాను. రహమతుల్లా గారు పెళ్ళిళ్ళలో వేసే ఎర్ర కోటు వేసుకుని పక్కనుంచి వచ్చారు. వెనకనుంచి ఒక్కసారిగా గోల లేచింది.

"ఏంటి సాయిబు గారూ, పెళ్ళెవరికి?"

"టీచరమ్మా! బ్లాకుబోర్డు ఇటుంది!"

"ప్యాసింజర్ లేటా? ఎప్పుడు కదుల్తది?"

నేను మడమ వేశాను. సుభాని అందుకున్నాడు. పట్టాల అతుకుల మీద చక్రాలు పడే చప్పుడు అది, తెనాలి నుంచి రేపల్లె దాకా మేమందరం కూర్చుని విన్నది. ఇస్సాకు బేస్ దాని కిందికి చేరింది. స్టేజీ చెక్కలు నా అరికాళ్ళ కింద వణికాయి. కుమారి పల్లవి ఎత్తుకుంది. గోల సగంలో తెగిపోయింది.

నాకు జనం కనిపించలేదు. నాకు కనిపించింది మూడు మొహాలు. ముందు వాటిలో భయం ఉంది. పల్లవి రెండోసారి వచ్చేసరికి సుభాని చూపు నా మీద నుంచి నా భుజం మీదుగా వెనక్కి వెళ్ళింది. వాడి నోరు కొంచెం తెరుచుకుంది. అప్పుడు వెనక నుంచి వినిపించింది. "గేటు తియ్యన్నా!" అని ఒక మూల నుంచి మొదలై గోడల మీది వాళ్ళ దాకా పోయింది. జామకాయల ముసలమ్మకి నవ్వారు. పెళ్ళికొడుక్కి ఈలలు వేశారు. బడికి ఆలస్యమైన టీచరమ్మ వచ్చేసరికి, ఆ టీచరమ్మ ఎవరో ఎలా కనిపెట్టారో గానీ, గ్యాలరీ మొత్తం లేచి అరిచింది. కుమారి పాడుతూనే నవ్వేసింది. ఇస్సాకు కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక భుజానికి రాసుకున్నాడు. ఎక్కడా తప్పలేదు.

రెండో చరణం చోటు వచ్చింది. కనుబొమలు దించాను. కుమారి ఆగింది, డ్రమ్ములు మెత్తబడ్డాయి. రహమతుల్లా గారు కళ్ళు మూసుకుని క్లారినెట్ ఎత్తారు. ఆ వరసకి మాటల్లేవని జనానికి తెలియదు. అయినా అంత పెద్ద గ్రౌండూ మాట్లాడకుండా విన్నది. రేపల్లెలో సమాధుల తోటకి నడిచిన రోజు లాగే, ఒక్క మెలిక కూడా ఎక్కువ వెయ్యకుండా ఆయన దాన్ని చివరిదాకా తీసుకెళ్ళారు. నేను మడమ ఆపలేదు.

తర్వాత పల్లవి. అది మా చేతుల్లోంచి పోయింది. ఎన్నిసార్లు తిరిగి వచ్చిందో నేను చెప్పలేను. ఆఖరికి మడమ ఆపాను. ముగ్గురూ ఆగారు, క్లారినెట్ ఆగింది. గ్రౌండు ఆగలేదు. వాయిద్యం ఏదీ లేకుండా, చప్పట్ల మీద, వాళ్ళే పాడుతున్నారు.

"అక్కా," అన్నాడు సుభాని. "ఇప్పుడు తిరగండి."

తిరిగాను. ముందు వరసలో కలెక్టరు గారు నిలబడి చప్పట్లు కొడుతున్నారు. ఆయన వెనక జనం. జనం వెనక, ఒక పక్కే కట్టిన గ్యాలరీ. ఆ పక్కంతా చేతులు పైకెత్తి ఊగుతోంది.

మెట్ల దగ్గర జ్ఞానానందం మాస్టారి నోట్లో ఈల ఉంది. ఆయన దాన్ని ఊదడం మర్చిపోయారు.

ఆ సంక్రాంతికి ముందే చీరాల నుంచి పిలుపు వచ్చింది, తర్వాత ఒంగోలు, ఆ పై ఏడు గుంటూరు. ఎవరూ "గ్రౌండులో వాయించారా?" అని అడగలేదు. వ్యాను మీద ఇస్సాకు రాయించింది వేరే మాట: "మా మొహాలు చూడాలంటే పాట అయ్యేదాకా ఆగండి." తెనాలిలో పెద్ద పెళ్ళిళ్ళకి క్లారినెట్ రహమతుల్లా గారే ఊదాలని పట్టుబట్టేవాళ్ళు. ఆయన మాత్రం, "తారీకు చూసుకుని చెప్తానండి, మా బ్యాండుకి ప్రోగ్రామున్నది," అని గొప్పగా అనేవారు. కొడుకు పక్కనుంటే "మా" అన్న మాట ఇంకొంచెం గట్టిగా అనేవారు. రేపల్లె లైనులో ఏ గేటు పడ్డా అటూ ఇటూ కుర్రాళ్ళు మా పల్లవి అందుకుంటున్నారు. బడిలో నేను వరండాలో నడిచి వెళుతుంటే వెనకనుంచి ఎవరో సన్నగా పాడతారు. తిరిగి చూస్తే అందరూ పుస్తకాల్లో తల పెట్టి ఉంటారు. నేను ఎవర్నీ ఏమీ అనను.

ఇప్పుడు 1997. ఎక్కడ వాయించినా గేటు పాట ఆఖరున వాయిస్తాం. రెండో చరణం చోట రహమతుల్లా గారి క్లారినెట్టే వస్తుంది. అది అలాగే బాగుందని చాలామంది అన్నారు. బాగానే ఉంది. కానీ సీమోను అడిగింది మాటలు.

బండిలో ఉన్నవాడి చరణం నేను ఇంకా రాయలేదు.